19 పేజీల కొటేషన్

"సరేనయ్యా, ఒక కొటేషన్ పంపియ్, చూద్దాం" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

2012 జులై, మధ్యాహ్నం రెండున్నర. కరెంటు లేదు. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వరండాలో నిలబడి, చెమటకి తడిసిన ఫోన్‌ని చొక్కాకి తుడుచుకుంటూ లోపలికెళ్ళి మా ఆవిడతో "పని వచ్చేసింది" అన్నాను.

"ఎంతకి?" అంది.

"అదే రాసి పంపాలి."

"అయితే ఇంకా రాలేదన్నమాట" అని దండెం మీద బట్టలు తియ్యడానికి వెళ్ళిపోయింది.

అప్పటికి నేను ఉద్యోగం మానేసి ఆరు నెలలు. హైదరాబాదు బాలానగర్‌లో ఎలక్ట్రికల్ ప్యానెల్ బోర్డులు చేసే ఒక కంపెనీలో తొమ్మిదేళ్ళు పనిచేశాను. చివర్లో నెలకి 42,000 జీతం. ఆ ఉద్యోగంలో ఉండగానే ఎనర్జీ ఆడిటర్ పరీక్ష పాసయ్యాను. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్ళది ఆ పరీక్ష. మూడు పేపర్లు పాసైతే ఎనర్జీ మేనేజరు, నాలుగోది కూడా గట్టెక్కితే ఆడిటరు. నాలుగో పేపరు పుస్తకాలు చూసి రాయొచ్చు. చూసి రాసే పరీక్షే అన్నిటికంటే కష్టమని అది రాసినవాళ్ళని అడిగితే చెప్తారు. సర్టిఫికెట్ చేతికి రాగానే ఇంక నన్నెవరూ ఆపలేరనుకున్నాను. నిజంగానే ఎవరూ ఆపలేదు. ఎవరూ పిలవలేదు కూడా.

ఆ ఏడాది కరెంటు సంగతి గుర్తున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇళ్ళకి గంటలకొద్దీ కోతలు, ఫ్యాక్టరీలకి పవర్ హాలిడేలు. టీ కొట్టు దగ్గర నుంచి పెళ్ళి భోజనాల దాకా అదే మాట. ఇలాంటప్పుడు 'మీ కరెంటు బిల్లు తగ్గిస్తాను' అనేవాడికి పనెందుకు దొరకదని నా ధీమా. కానీ జనం బాధ బిల్లు ఎక్కువొస్తోందని కాదు, అసలు కరెంటే రావట్లేదని. ఈ తేడా నా బుర్రకెక్కడానికి అయిదు నెలలు పట్టింది. 500 విజిటింగ్ కార్డులు అచ్చు వేయించుకుంటే అందులో 480 అలమరలోనే ఉన్నాయి. మిగతా ఇరవైలో సగం చుట్టాలకే ఇచ్చాను.

చివరికి ట్రాన్స్‌ఫార్మర్లు రిపేరు చేసే స్నేహితుడొకడు, ఏటుకూరు రోడ్డు వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉన్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఫోన్ రావడానికి వారం ముందు సంగతి ఇది.

గుంటూరులో పుట్టి పెరిగినా అంతకుముందు నేను కోల్డ్ స్టోరేజీ లోపలికి వెళ్ళలేదు. బయట 38 డిగ్రీల ఎండ. తలుపు తీసి లోపలికి అడుగు పెడితే 5, 6 డిగ్రీలు. ఎండలోంచి వచ్చిన కళ్ళకి ఆ మసక వెలుతురులో ఏమీ కనపడలేదు. కనపడకముందే వాసన. మిర్చి యార్డులో ఘాటు మనిషి మీదకి ఎగబడుతుంది, తుమ్ములే తుమ్ములు. ఇక్కడి ఘాటు అలా కాదు, చల్లగా, మెల్లగా ముక్కులోకి దిగి గొంతులో కూర్చుంటుంది. కళ్ళు అలవాటు పడ్డాక చూస్తే చెక్క అరల మీద పైకప్పు దాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు. మధ్యలో మనిషి పట్టేంత దారి, ఆ దారి పొడుగునా వేలాడుతూ 100 వాట్ల పాతకాలం బల్బులు. వాటిని చూడగానే నాలో ఆడిటరు మేలుకున్నాడు. బల్బు ఇచ్చే వేడిని మళ్ళీ కంప్రెసరే కదా బయటికి లాగాలి! అంటే వెలుతురుకి ఒకసారి, ఆ వేడిని లాగడానికి ఇంకోసారి, రెండుసార్లు డబ్బు కడుతున్నారు.

మిషన్ రూములో రెండు అమ్మోనియా కంప్రెసర్లు నడుస్తున్నాయి, మూడోది స్టాండ్‌బై. కంప్రెసర్లోంచి బయటికెళ్ళే అమ్మోనియా ప్రెషరు చూపే డిశ్చార్జి గేజీ 210 చూపిస్తోంది. అంత ఎందుకుందని ఆపరేటర్ని అడిగితే "ఎండాకాలం పోయినా ఇంతే సార్, అది దాని అలవాటు" అన్నాడు. గేజీకి కూడా అలవాట్లుంటాయని అప్పుడే విన్నాను.

ఆ తర్వాత చేశాను అసలు తప్పు. పెద్దాయన నా వెనకే నిలబడి చూస్తున్నారు. కెపాసిటర్ ప్యానెల్ తలుపు తీసి నా క్లాంప్ మీటరు పెట్టాను. ఒక్కో కెపాసిటరూ 25 కేవీఏఆర్ సైజు. బాగుంటే 34, 35 ఆంపియర్లు చూపించాలి. ఆరింటిలో రెండు సున్నా. మూడోది పొట్ట ఉబ్బి 9 దగ్గర కొట్టుకుంటోంది. పవర్ ఫ్యాక్టర్ మీటరు 0.84. లైను నుంచి లాగే కరెంటులో పనికొచ్చే వంతు అది, కెపాసిటర్లు బాగుంటే 1కి దగ్గరగా ఉంటుంది.

"చూశారా అండీ, ఈ మూడూ చచ్చిపోయాయి. ఇవి మారిస్తే పవర్ ఫ్యాక్టర్ 0.97కి వెళ్తుంది. మీ కరెంటు బిల్లులో మొదట తగ్గేది ఇక్కడే" అన్నాను. ఏవి మార్చాలో, ఏ సైజువి తేవాలో వేలుపెట్టి మరీ చూపించాను. తొమ్మిదేళ్ళు ప్యానెళ్ళ మధ్య బతికినవాణ్ణి, నోరు ఊరుకోదు కదా. ఆయన "అట్నా" అన్నారు. ఆ 'అట్నా'లో నాకు మెప్పు వినపడింది. వెనక ఎలక్ట్రీషియన్ కుర్రాడు అరచేతిలో పెన్నుతో ఏదో రాసుకోవడం కనపడింది గానీ, పట్టించుకోలేదు.

ఇంక కొటేషన్ సంగతి.

ఉద్యోగంలో ఉన్నప్పుడు నేను వందల కొటేషన్లు చూశాను, కొన్ని తయారు చేశాను కూడా. కానీ అక్కడ రేకు, రాగి, ఇనుము, బ్రేకర్లు, మనుషుల గంటలు, అన్నీ కాగితం మీద ఉంటాయి. కూడి, పైన లాభం వేసి, మేనేజరు గారి టేబుల్ మీద పెడితే ఆయన ఓ అంకె కొట్టేసి ఇంకో అంకె రాసేవారు. ఇప్పుడు అమ్మే సరుకు నేనే. నన్ను నేను కిలో ఎంతకి ఇవ్వాలో తెలియదు.

మొదటి లెక్క ఇలా వేశాను. 42,000ని 26 రోజులతో భాగిస్తే రోజుకి 1,615. కొలతలకి 4 రోజులు, లెక్కలకి 5, రిపోర్టుకి 3, మొత్తం 12 రోజులు. వెరసి 19,380. చాలా న్యాయంగా ఉందనిపించింది. మా ఆవిడకి చూపించాను. ఆవిడ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు.

"నెలకి 26 రోజులూ నీకు పనుంటుందా?" అంది.

"ఉండదు."

"ఉన్న రోజు సంపాదనతో లేని రోజులు కూడా గడవాలి కదా. కంపెనీ వాళ్ళు నీకు కుర్చీ, ఫ్యాను, కంప్యూటరు, పీఎఫ్ ఇచ్చేవాళ్ళు. ఇప్పుడవి ఎవరిస్తారు?"

జవాబు లేదు. రాత్రి తొమ్మిదికి కరెంటు పోయింది. ఎమర్జెన్సీ లైటు కింద మళ్ళీ లెక్క. ఈసారి రోజుకి 3,750 పట్టుకుంటే 45,000 వచ్చింది. ఆ అంకె రాసి దాని కింద గీత గీయగానే పెద్దాయన మొహం కళ్ళ ముందుకొచ్చింది. 'చూసి చెప్పడానికి నలభై అయిదు వేలా?' అని ఆయన అన్నట్టే, నేను సిగ్గుపడి తల వంచుకున్నట్టే అనిపించింది. ఆయన అనకముందే నేనే తగ్గించేశాను. 38,000. పడుకున్నాక నిద్ర పట్టక లేచి మళ్ళీ 34,500 చేశాను. చివర 500 ఎందుకంటే, రౌండు ఫిగరు పెడితే నోటికొచ్చింది రాశాడనుకుంటారని. నోటికొచ్చిందే రాశాను, 500 దాన్ని కప్పిపెట్టడానికి.

అదే మనిషి కోతల వేళ జనరేటరుకి రోజుకి 180 లీటర్ల డీజిల్ పోస్తున్నాడని నాకు తెలుసు. లీటరుకి మూడు యూనిట్ల పైచిలుకు వస్తుంది, అంటే యూనిట్ 13, 14 రూపాయలు పడుతోంది. నా 34,500 ఆయనకి నాలుగు రోజుల డీజిల్. ఈ లెక్క ఆ రాత్రి వేసుంటే బాగుండేది. ఆయన ఖర్చు లెక్క అంతా నా బుర్రలో ఉంది, నా ధర మాత్రం నా భయంలోంచి తీశాను.

ధర చిన్నదైపోయింది కదా, ఆ వెలితి పేజీలతో పూడ్చాలనుకున్నాను కాబోలు. ప్రపోజల్ 19 పేజీలకి పెరిగింది. మొదటి పేజీలో ఆకుపచ్చ భూగోళం బొమ్మ. రెండో పేజీలో నా గురించి. మూడో పేజీలో 2001 నాటి ఇంధన పొదుపు చట్టం. నాలుగులో భూతాపం. తర్వాత బాణం గుర్తులతో పని ఎలా చేస్తానో ఒక పెద్ద పటం. ఆ తర్వాత వాడబోయే పరికరాల ఫొటోలు. అందులో క్లాంప్ మీటరు తప్ప ఒక్కటీ నా సొంతం కాదు. అంతా ఇంగ్లీషులో. పెద్దాయన ఇంగ్లీషు చదువుతారా అన్న ప్రశ్న నాకు రానేలేదు. ప్రపోజల్ అంటే ఇంగ్లీషే అనుకున్నాను, దోసె అంటే మినప్పప్పే అన్నట్టు.

షరతుల పేజీ మాత్రం సొంతంగా రాయలేదు. పాత కంపెనీ ఫార్మాట్ నా పెన్‌డ్రైవ్‌లో ఉంటే పేరు మార్చి అతికించేశాను. దాని ఫలితం తర్వాత చెప్తాను.

ఇంకోటి, రెఫరెన్సు నంబరు. 001 అని పెడితే ఇదే మొదటిదని తెలిసిపోతుంది. అలాగని 500 అంటే మరీ కోతలా ఉంటుంది. బాగా ఆలోచించి 047/2012-13 అని వేశాను.

ప్రింటుకి మా వీధి చివర నెట్ సెంటరుకి వెళ్ళాను. మామూలు కాగితం మీద వద్దన్నాను. మందపాటి బాండ్ పేపరు, ఒకవైపే అచ్చు, పైన ప్లాస్టిక్ అట్ట, స్పైరల్ బైండింగు. పదకొండో పేజీ సగం బయటికొచ్చాక కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద ప్రింటరు నడవదన్నాడు కుర్రాడు. రెండు గంటలు అక్కడే స్టూలు మీద కూర్చున్నాను, మిషన్ నోట్లో నాలుకలా వేలాడుతున్న పదకొండో పేజీని చూస్తూ. మొత్తం 210 రూపాయలైంది. రెండు కాపీలు తీద్దామనుకున్నవాణ్ణి ఒకటే తీశాను.

మర్నాడు ఉదయం పదింటికి వెళ్ళాను. కోల్డ్ స్టోరేజీ గేటు పక్కనే ఆఫీసు గది. గోడ మీద వెంకటేశ్వరస్వామి పటం, దాని కింద తూకం చీటీలు గుచ్చిన ఇనప ఊచ. పెద్దాయన కుర్చీలో ఉన్నారు. పక్క బల్ల దగ్గర గుమాస్తా గారు, అరవై దాటిన మనిషి, చేతులున్న బనీను మీద తెల్ల ఉత్తరీయం, చెవిలో పెన్సిలు. నేను ఆయన్ని నమస్కారంతో సరిపెట్టి ఓనరు గారి చేతిలో నా స్పైరల్ పుస్తకం పెట్టాను.

ఆయన భూగోళం బొమ్మ చూసి, వేలు తడి చేసుకుని, తిన్నగా చివరి పేజీకి వెళ్ళిపోయారు. 18 పేజీలు ఒక్క తిప్పుతో అటు పడిపోయాయి. నా రెండు గంటల స్టూలు, నా పదకొండో పేజీ.

చివర ఉన్నది షరతుల పేజీ. అది ఆయనకి అర్థం కాక గుమాస్తా గారికిచ్చారు. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఒక్కో లైనూ వేలుతో చూపిస్తూ చదివి తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు.

"ధరలు బాలానగర్ ఫ్యాక్టరీ దగ్గరవండీ. లారీ కిరాయి, దింపుడు కూలీ మనవేనట."

పెద్దాయన నా వైపు చూశారు. "సలహా లారీలో వస్తుందా?"

"గ్యారంటీ కూడా ఉందండీ. బిగించిన రోజు నుంచి 12 నెలలు, లేదా పంపిన రోజు నుంచి 18 నెలలు, ఏది ముందైతే అది."

ఇద్దరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పాత ఫార్మాట్‌లోవి పొరపాటున వచ్చాయండీ అని గొణిగాను. గుమాస్తా గారు చెవిలో పెన్సిలు తీసి ఆ రెండు లైన్ల పక్కనా చిన్న ఇంటూ పెట్టారు, పిల్లల నోటు పుస్తకం దిద్దినట్టు.

"సర్వీస్ టాక్స్ 12.36 శాతం అదనం అని ఉంది. మీ సర్వీస్ టాక్స్ నంబరు ఎంతండీ?"

నాకు నంబరెక్కడిది! అప్పట్లో ఏడాదికి పది లక్షల లోపు వాళ్ళకి అది అక్కర్లేకపోయేది. నాకు అప్పటికి పది రూపాయలు కూడా రాలేదు. ఇంకో ఇంటూ.

"చట్టం గురించి ఒక పేజీ రాశారు. ఇది మనకి వర్తిస్తుందా?"

"లేదండీ, పెద్ద పెద్ద ఫ్యాక్టరీలకే."

"మరి ఎందుకు రాశారు?"

ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

తర్వాత ఆదా పట్టిక. అది నా గుండెకాయ. మొదటి లైను కెపాసిటర్లు. 150 కిలోవాట్ల లోడు మీద పవర్ ఫ్యాక్టర్ 0.84 అయితే లైను నుంచి లాగేది 178 కేవీఏ, 0.97 అయితే 154. నెలకి 24 కేవీఏ తగ్గుదల, ఇంటూ 12 నెలలు. నేను ఉత్సాహంగా మొదలుపెట్టబోతే పెద్దాయన చెయ్యి అడ్డుపెట్టారు.

"అవి శుక్రవారమే మార్పించానయ్యా. నువ్వే చెప్పావుగా."

ఏం అంటాం? నా కొటేషన్ కంటే నా పని ముందే జరిగిపోయింది. అరచేతిలో పెన్నుతో రాసుకున్న కుర్రాడు కిటికీ అవతల నుంచి మర్యాదగా నవ్వాడు.

అంతటితో అయిపోలేదు. గుమాస్తా గారు అరలోంచి కరెంటు బిల్లుల ఫైలు తీశారు. "ఇక్కడ నాకొక సందేహమండీ. మనకి రాయించుకున్న డిమాండ్ 250 కేవీఏ. మీటర్లో 178 వచ్చినా, 165 వచ్చినా బిల్లులో మాత్రం 200కే వేస్తున్నారు. ఇదిగో జూన్. ఇది పోయిన నవంబరు. మీరు 154 చేసినా వాళ్ళు 200కే కదా వేస్తారు? మరి 12 నెలలూ తగ్గుద్దని ఎట్టా రాశారు?"

నాకు చెవులు వేడెక్కాయి. డిమాండ్ అంటే నెలలో ఒకేసారి లాగిన గరిష్ఠ లోడు. మీటర్లో ఎంత తక్కువ వచ్చినా, ఒప్పందంలో రాయించుకున్న దాంట్లో 80 శాతానికి డిమాండ్ ఛార్జీ కట్టాల్సిందే. 250లో 80 శాతం 200. ఈ రూలు నాకు తెలుసు. పరీక్షలో రాశాను కూడా. కానీ పట్టికలో 12తో గుణిస్తే అంకె అందంగా కనపడింది, గుణించేశాను. యూనిట్ల వైపు లాభం వేరే లెక్క గానీ, డిమాండ్ వైపు ఆదా నిజంగా వచ్చేది మీటరు 200 దాటే కాయ దిగే సీజన్లోనే, మూడు నెలలు. అంటే నాలుగింతలు చేసి చూపించాను. నా 19 పేజీలు ఆయన చేతిలో ఉన్న ఒక్క కరెంటు బిల్లు ముందు నిలబడలేకపోయాయి. నలభై ఏళ్ళుగా నెలనెలా ఆ బిల్లులు కట్టిన మనిషి ఆయన. నేను మొదట ఆయన పక్కన కూర్చుని ఆ ఫైలు తిరగేసి ఉండాల్సింది. నమస్కారం పెట్టి దాటేశాను.

"తప్పే అండీ, మూడు నెలలే" అన్నాను.

పెద్దాయన ఇంకో అంకె పట్టుకున్నారు. "047 అని ఉంది. అంటే ఇప్పటికి నలభై ఆరు చేశావా? మన గుంటూర్లో ఎవరెవరికి చేశావు?"

అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక లేదు అప్పటికి. "ఎవరికీ చెయ్యలేదండీ. ఇదే మొదటిది."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బయట టిక్కీలు మోసే కూలీల కేకలు. తర్వాత పెద్దాయన నా పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, "ఇది పక్కన పెట్టు. ఏం చేస్తావో నోటితో చెప్పు" అన్నారు.

చెప్పాను. తెలుగులో, కాగితం లేకుండా. గేజీ 210 ఎందుకు ఉండకూడదో చెప్పాను. గుంటూరు నీళ్ళకి కండెన్సరు ట్యూబుల మీద గార పట్టి ఉంటుంది, అమ్మోనియా చల్లబడక ప్రెషరు పెరుగుతుంది, కండెన్సరులో అమ్మోనియా వేడి ఒక్క డిగ్రీ పెరిగితే కంప్రెసరు రెండు మూడు శాతం ఎక్కువ కరెంటు తింటుంది. బల్బుల సంగతి చెప్పాను. టిక్కీలు బయటికి తీసేటప్పుడు తలుపు బార్లా తెరిచి ఉంచితే ఏమవుతుందో చెప్పాను. జనరేటరుకి ఏ లోడు ఇవ్వాలో, ఏది ఆపినా సరుకు పాడవదో చెప్పాను. పది నిమిషాలు పట్టింది. పెద్దాయన రెండుసార్లు "అట్నా" అన్నారు. ఈసారి ఆ 'అట్నా' విని నేనేమీ అనుకోలేదు.

"ఎంత రాశాడు?" అని గుమాస్తా గారిని అడిగారు.

"34,500 అండీ."

"పాతిక చేసుకో."

నేను గుటక మింగుతుంటే గుమాస్తా గారు కల్పించుకున్నారు. ముప్పై వేలు దాటితే పది శాతం టీడీఎస్ కొయ్యాలని, చలానా కట్టాలని, ఫారం 16ఏ ఇవ్వాలని, ముప్పై లోపైతే ఆ బాధ లేదని. "అయితే ఇరవై తొమ్మిది చెయ్" అన్నారు పెద్దాయన. నేను సంతోషంగా తలూపాను. టీడీఎస్ కోసినా రిటర్నులో లెక్కకొచ్చే డబ్బే అది. దాన్ని తప్పించుకోడానికి 5,500 శాశ్వతంగా వదులుకుని, ఏదో లాభం చేసుకున్నట్టు ఇంటిదాకా నవ్వుకుంటూ వెళ్ళాను.

షరతుల్లో 50 శాతం అడ్వాన్స్ అని కూడా ఉంది. "అడ్వాన్సు దేనికయ్యా, నువ్వు కొనాల్సిన సామానేం లేదుగా?" అన్నారు. "అవునండీ, ఏం లేదు" అన్నాను. పవర్ ఎనలైజర్ హైదరాబాదు నుంచి అద్దెకి తేవాలి, రోజుకి 2,500. ఆ ఖర్చు నా కొటేషన్‌లో ఎక్కడా లేదు. పరికరం ఫొటో మాత్రం ఎనిమిదో పేజీలో రంగుల్లో ఉంది.

అప్పుడు గుమాస్తా గారు ఒక తెల్ల కాగితం తీసుకుని, పైన శ్రీరామ అని రాసి, కింద ఆరు లైన్లు రాశారు. ఆ కాగితం జిరాక్సు ఇప్పటికీ నా దగ్గరుంది:

మిషన్లు, కరెంటు లెక్క చూచుట 4 రోజులు.
ఏది మార్చిన ఎంత మిగులునో తెలుగులో రాసి ఇచ్చుట.
మార్చునపుడు ఒకసారి, మార్చిన పిమ్మట ఒకసారి వచ్చి చూచుట.
మొత్తం రూ. 29,000.
పని అయిన పిమ్మట ఇచ్చుట.
మధ్యాహ్న భోజనం మనది.

నా 19 పేజీల్లో లేనివి ఇందులో రెండున్నాయి. మార్చేటప్పుడు, మార్చాక ఎవరొచ్చి చూస్తారన్నది నేను రాయనేలేదు. భోజనం సంగతి ఎలాగూ రాయను. ఇప్పుడు నేను రాసే కొటేషన్లు ఈ కాగితానికి పిల్లలే. రెండు పేజీలు ఎప్పుడూ దాటలేదు. పరికరాల అద్దె, ఎన్నిసార్లు వస్తాను, ఆ పైన వస్తే ఎంత, ఏది నా పని కాదు, ఇవి మాత్రం చేర్చాను.

పని బాగానే జరిగింది. 12 రోజులనుకున్నది 17 అయింది. కండెన్సరు కడిగించాక గేజీ 180కి దిగింది. ఆపరేటరు దాన్ని వేలితో కొట్టి చూశాడు, పాడైందేమోనని. బల్బులు మార్చారు. తలుపులకి ప్లాస్టిక్ పట్టీలు వేలాడదీశారు. కూలీలు మూడో రోజే వాటిని ముడేసి పక్కకి కట్టేశారు, తల మీద టిక్కీ ఉన్నప్పుడు మొహానికి తగులుతున్నాయని. వాళ్ళ మాటా నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ పూర్తిగా లేదు. రిపోర్టు తెలుగులో 9 పేజీలు రాశాను. 'డిస్చార్జ్ ప్రెషర్'కి తెలుగు వెతకబోతే గుమాస్తా గారే వద్దన్నారు, మిషన్ రూములో అందరూ అనేది అదే కదా అని.

భోజనం మాత్రం గొప్పగా ఉండేది. ఇంటి నుంచి క్యారియర్ వచ్చేది. నాలుగు రోజులూ గోంగూర, రెండు రోజులు దోసకాయ పప్పు, చివరి రోజు నాటుకోడి.

డబ్బు ఆగస్టులో రావాల్సింది, నవంబరులో వచ్చింది. సరుకు కదలాలి, రేటు రావాలి, అప్పుడు కదా చేతిలో డబ్బాడేది. నేను నాలుగుసార్లు వెళ్ళాను, నాలుగుసార్లూ టీ ఇచ్చారు. అద్దె 10,000, రవాణా 1,200, ఒక థర్మామీటరు కొన్నది 2,300. పోను 15,500 మిగిలింది. 17 రోజులకి రోజుకి 911 రూపాయలు పడింది. 1,615 న్యాయంగా ఉందనుకున్నవాణ్ణి. మా ఆవిడ ఆ లెక్క చూసి ఏమీ అనలేదు, నోటు పుస్తకం మూసి నా చేతికిచ్చింది.

దీపావళి వెళ్ళాక ఫోన్ చేసి రమ్మన్నారు. పెద్దాయన లేరు, యార్డుకి వెళ్ళారు. గుమాస్తా గారు చెక్కు సిద్ధంగా ఉంచారు. ఓచరు మీద సంతకం పెట్టబోతూ బల్ల వైపు చూశాను. ఆయన చేతి కింద ఒక కాగితాల బొత్తి. పైకాగితం మీద పెన్నుతో వరసగా అంకెలు, లాట్ నంబర్లు, టిక్కీల లెక్క. దాని అంచున వరసగా చిన్న చిన్న చిల్లులు, స్పైరల్ తీసేసిన చిల్లులు. మెల్లగా మూల పైకెత్తి చూశాను. అవతల వైపు ఆకుపచ్చ భూగోళం.

ఆయన నా చూపు గమనించారు. ఏమాత్రం తడబడలేదు. బొత్తి సర్ది, ఇంకో కాగితం తిప్పి, పెన్ను పెట్టి చూపించారు.

"మంచి కాగితమండీ. ఎంత రాసినా సిరా పాకదు."